మూడడుగుల నేల: చిన్న నివాసాలపై ఒక నైతిక విచారణ

మనిషికి ఎంత చోటు చాలునన్న ప్రశ్న తెలుగు కావ్యలోకానికి కొత్తది కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన ఊరుగా ప్రసిద్ధం. ఒంటిమిట్ట వాదం సంగతి ఎలా ఉన్నా ఈ ప్రాంతపు ప్రజాస్మృతిలో ఆయన ఇక్కడివాడే. ఆయన భాగవతంలోని అష్టమ స్కంధంలో బలి చక్రవర్తి వటువును ఏం కావాలో కోరుకొమ్మంటాడు. వస్త్రాలు, మాడలు, గోవులు, గుర్రాలు, ఏనుగులు అంటూ సాగిన ఆ జాబితాలో భవనాలూ ఉన్నాయి, గ్రామాలూ ఉన్నాయి. వామనుడు వాటిని కాదని మూడడుగుల నేల చాలంటాడు. దొరికిన కొంచెంతో తృప్తి పొందనివాడికి ఏడు ద్వీపాలిచ్చినా తృప్తి కలగదని వాదిస్తాడు కూడా. అల్పసంతోషాన్ని ఇంత సూటిగా సమర్థించిన సందర్భాలు మన ప్రాచీన కావ్యాలలో అరుదు. అయితే కథ తెలిసిన పాఠకుడు ఈ మాటలను ముఖవిలువకే స్వీకరించలేడు. ఆ అడుగు ఎవరిదన్నది అక్కడ కీలకమైన విషయం. బ్రహ్మాండాన్ని రెండడుగులలో కొలవగలవాడు మూడడుగులు చాలనడం వేరు, మూడు గజాల డేరా తప్ప మరేమీ లేనివాడు చాలనడం వేరు.

ఈ తేడాను వర్తమానంలో పరిశీలించడానికి చిన్న ఇళ్ళ ఉద్యమం ఒక అవకాశమిస్తుంది. అమెరికాలో, ముఖ్యంగా 2008 ఆర్థిక సంక్షోభం తరువాత, చక్రాలపై కట్టిన గదుల్లోనూ నివాసంగా మార్చుకున్న వ్యానుల్లోనూ బస్సుల్లోనూ జీవించడం ఒక జీవనాదర్శంగా ప్రచారం పొందింది. అప్పుల భారం తగ్గుతుందని, వస్తువుల మీది వ్యామోహం సడలుతుందని దాని సమర్థకుల వాదం. అక్కడి నమూనా గృహనిర్మాణ నియమావళి 2018 కూర్పులోని అనుబంధం ఒకటి, అటకను మినహాయించి, 400 చదరపు అడుగులకు మించని ఇంటినే చిన్న ఇల్లుగా నిర్వచించింది. తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం ఐదు లక్షల రూపాయల సహాయం అందిస్తూ, కట్టే ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదంటున్నది. ఒకే సంఖ్య అక్కడ పై హద్దు, ఇక్కడ కింది హద్దు. అక్కడ దానికి దిగువన ఉండటం వైరాగ్యంగా గౌరవం పొందుతుంటే, ఇక్కడ దానికి దిగువన ఉండటం ప్రభుత్వం తీర్చవలసిన లోటవుతున్నది. అంతకుముందరి రెండు పడక గదుల ఇంటి కొలత 560 చదరపు అడుగులు. కాబట్టి విస్తీర్ణం నైతిక ప్రమాణం కాజాలదు. అమర్త్య సేన్ చూపిన ప్రసిద్ధ భేదం ఇక్కడ ఉపకరిస్తుంది. ఉపవాసం చేసేవాడి కడుపూ పస్తున్నవాడి కడుపూ ఒకే విధంగా ఖాళీగా ఉంటాయి. తినే అవకాశం ఉండీ మానుకున్నవాడు మొదటివాడు. రెండవవాడికి ఆ అవకాశమే లేదు.

కాని ఎంపిక ఉన్నదా లేదా అన్నదానితోనే విచారణ ముగియదు. చిన్న ఇంటి తాత్త్వికులందరికీ ఆద్యుడనదగిన థోరో, 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గల గది కట్టుకున్నాడు. ఖర్చును సెంట్లతో సహా లెక్క రాశాడు. కలప, సున్నం, మేకులు అన్నీ ఆ లెక్కలో కనిపిస్తాయి. నేల వెల కనిపించదు. ఆ నేల ఆయన మిత్రుడు ఎమర్సన్‌ది. స్వావలంబనకు ప్రతీకగా లోకం చెప్పుకునే ఆ గది ఒక భూయజమాని అనుమతి మీద నిలిచింది. ఇది థోరోను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. చిన్న ఇల్లు ఎంత చిన్నదైనా అది నిలిచే నేల ఒకరిదై ఉంటుందని, ఆ ఒకరు పొమ్మననంత కాలమే నిరాడంబరత సుగుణంగా చలామణి అవుతుందని ఆ ఉదాహరణ గుర్తుచేస్తుంది.

తెలుగులో ‘ఇల్లు వాకిలి’ జంటపదం. ఇల్లూ వాకిలీ లేనివాడంటారు గాని ఇల్లు మాత్రమే లేనివాడని ప్రత్యేకించి అనరు. మహబూబాబాద్ ప్రాంతపు తండాలలోని పాత కప్పుల ఇళ్ళను లోపలి కొలతలతో మాత్రమే అంచనా వేస్తే వాటి నిజమైన వైశాల్యం అర్థం కాదు. వంట, దంపుడు, కుట్టుపని, పంచాయితీ, పండుగ, వేసవి రాత్రి నిద్ర వాకిట్లోనే సాగుతాయి. నాలుగు గోడల నడుమ ఉండేది ధాన్యం, బట్టలు, వానాకాలపు పడక. అంతస్తుల భవనంలో కేటాయించిన 560 అడుగుల ఇల్లు గది విషయంలో పెద్దదే, వాకిలి విషయంలో శూన్యం. మేకలు కట్టే చోటు అందులో లేదు. అలాగని చిన్న ఇంటిని కీర్తించే ముందు ఇంకొక ప్రశ్న అడగాలి. వాకిట్లో సాగని పనుల మాటేమిటి? స్నానం, ప్రసవం, జబ్బు, కోడలు ఏడవడానికి వెదుక్కునే మూల — వీటికి చోటు లేకపోవడాన్ని సామూహిక జీవన సౌందర్యమని వర్ణించే జానపద విమర్శ మనకు కొంత ఉన్నది. ఆ వర్ణన చేసేవారికి సాధారణంగా తలుపున్న గది ఉంటుంది.

లంబాడీలు స్థిరనివాసులు కావడం కూడా పూర్తిగా వారి ఎంపిక కాదు. ఎడ్ల బిడారులపై ఉప్పు, ధాన్యం మోసిన వారి వృత్తిని 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో రైలు దెబ్బతీసింది. జనగామ, మహబూబాబాద్ పట్టణాలు రెండూ నేటికీ ఆ నిజాం రైలు మార్గం మీదే ఉన్నాయి. విడిదికి పేరైన ‘తండా’ ఊరికి పేరైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామపంచాయతీలుగా గుర్తింపు పొందాయి. కదిలే ఇంటికి విలువ తగ్గిన క్రమం సాహిత్యపదాలలోనూ కనిపిస్తుంది. పాలకుర్తి సోమనాథుడి వీరశైవ దర్శనంలో ‘జంగమం’ పూజ్యపదం. ఒకచోట నిలవక తిరిగే భక్తుడు శివస్వరూపుడే. ఆ పదాన్నే పేరులో మోస్తున్న బుడగ జంగాలు ఊరి చివర డేరా వేస్తే వారిని ఎన్నాళ్ళుంటారని అడగడమే ఈనాటి ఆచారం.

ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురయ్యేది భూపాలపల్లి అడవుల్లో. ఛత్తీస్‌గఢ్ సంఘర్షణ నుండి, ప్రధానంగా 2005 తరువాత, వలస వచ్చిన గొత్తికోయలు ఇక్కడి అడవుల్లో కర్రలు, వెదురు తడికలు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. 2017 సెప్టెంబరులో, నాటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా తాడ్వాయి అడవిలోని జలగలంచలో ఆ గుడిసెలను అటవీశాఖ కూల్చివేసింది. అడవి తరుగుతున్నదన్న ఆందోళన నిరాధారం కాదు. పోడుకై నరికిన చెట్టు తిరిగి రావడానికి ఒక తరం పడుతుంది. అయితే అదే తాడ్వాయి మండలంలో, నాలుగున్నర నెలల తరువాత, 2018 జనవరి చివరన మేడారం జాతర జరిగింది. లక్షలాది భక్తులు ఎడ్లబండ్ల కింద, ట్రాక్టర్ ట్రాలీల్లో, చెట్ల నడుమ పట్టాలు కట్టుకుని కాపురమున్నారు. రాజ్యం వారికి నీళ్ళు, దీపాలు, దారులు సమకూర్చింది. అది చేయవలసిన పనే. కప్పు రెండు చోట్లా ఒకటే: నాలుగు కర్రలు, ఒక పట్టా. తేడా గడువులో ఉన్నది. నాలుగు రోజులకు లేచిపోతామన్నవారు అతిథులు, ఉండిపోతామన్నవారు ఆక్రమణదారులు. వనదేవతలుగా కొలిచే సమ్మక్క, సారలమ్మలు అడవి బిడ్డలు కావడం, వారి కథే రాజ్యానికి చెల్లించని కప్పం గురించినది కావడం ఈ సందర్భంలో ఎవరికైనా తట్టక మానదు.

బలి మూడడుగులిచ్చాడు గాని ఏ తేదీ నుండి ఇక్కడున్నావని వటువును అడగలేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడుగులతోపాటు తేదీనీ అడుగుతుంది: 2005 డిసెంబరు 13 నాటికి అడవి నేల ఆధీనంలో ఉండాలి. రాష్ట్రం దాటి వచ్చినవారికి షెడ్యూల్డు తెగ హోదాయే ప్రశ్నార్థకమైనప్పుడు ఆ తేదీ దాకా పోవలసిన పనే ఉండదు. అంతకుముందే వచ్చామనేవారికి సాక్ష్యం కావాలి. చట్టం కింద 2008లో చేసిన నియమాలు అంగీకరించే సాక్ష్యాల్లో పత్రాలతోపాటు పెద్దల వాంగ్మూలం, బావులు, శ్మశానాలు, చదును చేసిన నేల, గట్లు ఉన్నాయి. ఇళ్ళు, గుడిసెలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వెదురుతో కట్టిన గుడిసెను చెద రెండు మూడు వానాకాలాల్లో తినేస్తుంది, నిప్పు ఒక పూటలో తినేస్తుంది. రాతి గోడలా అది పునాది మిగల్చదు. గుడిసె కూలిన చోట మిగిలేది మూడు పొయ్యిరాళ్ళు, కొంత నల్లబడిన మన్ను. వాటిని సాక్ష్యంగా స్వీకరించాలా వద్దా అన్నది గ్రామసభ తేల్చవలసిన విషయం. ఆ గుడిసెల గుంపు ఏ గ్రామసభ కిందికి వస్తుందో ముందుగా తేలవలసి ఉంటుంది.