లేని గాజునకు వెలుగు

కంప్యూటరు తెరపై గాజు గోళములను, గాజు దీపములను చిత్రించు పని నేడు ఎందఱో యువకులకు జీవనోపాధిగా నున్నది. శుభలేఖలకు, పుస్తకముల అట్టలకు, వర్తకుల ప్రకటనలకు ఇట్టి బొమ్మలు కావలసి వచ్చుచున్నవి. ఇసుకయు సున్నమును కొలిమియు లేకయే పుట్టిన యా గోళము, చేయి చాచి అందుకొనవలెననిపించునంత నిజముగా కనబడును. లేనిదానిని ఉన్నట్లు చూపు ఈ విద్య కాయకమగునా, కపటమగునా యను శంక శరణధర్మము నెఱిగిన కుటుంబములలో పొడసూపుట సహజము.

శంక తీరుటకు ముందు ఆ పని యెట్టిదో తెలియవలెను. 1987లో వెలువడిన అడోబీ ఇల్లస్ట్రేటర్, 2003లో మొదలై అందఱికిని ఉచితముగా లభించుచున్న ఇంక్‌స్కేప్ మొదలగు సాధనములలో చిత్రకారుడు తొలుత ఒక వృత్తమును గీయును. ఒకే రంగు నింపినచో అది రూపాయి బిళ్ళవలె చదునుగా నుండును. అంచునుండి నడిమికి రంగు క్రమముగా మాఱునట్లు చేసినపుడు గుండ్రదనము వచ్చును. అయినను అది గాజు కాలేదు. తెల్లగాజునకు తనదను రంగు లేదు. దానిని గీయుట యనగా దాని చుట్టునున్నవానిని గీయుటయే. వెలుగు పైనుండి పడుచున్నచో పైభాగమున కిటికీ ఆకారముగల తెల్లని మెఱుపు నుంచవలెను. దానికెదురుగా క్రింద, లోనుండి వచ్చు కాంతిని చూపవలెను. గాజు కిరణములను వంచును గనుక గోళములో వెనుకటి దృశ్యము తలక్రిందులుగా కనబడును. నీడ నడుమ వెలుగు మచ్చ యుండును. ఆ మచ్చను మఱచినవాని గోళము ఇనుపగుండువలె తోచును. (పిల్లలాడుకొను గోలీని ఎండలో నుంచి చూచినవారికి ఇదంతయు తెలియును, ఈ పాఠమునకు బోధకునికంటె గోలీయే మేలు.)

కావున ఈ పనికి ఓపికతోడి చూపు ప్రధానము. ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజించువారికి అట్టి చూపు క్రొత్తది కాదు. లింగముపైని నల్లని నునుపైన పూతలో దీపబిందువు మెఱయుచుండగా దృష్టి అచ్చట నిలుచును. ఆ సాధనయు బొమ్మ గీయుటయు ఒకటే యనుట పొరపాటు. చూపు నిలుపుట రెండింటికిని అవసరమని మాత్రమే ఇచ్చట చెప్పదగినది.

ఇక కపటము మాట. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులలో మడివాలు మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్ళు పేనెను. చందయ్య పట్టుబట్టగా లింగమే త్రాటిని కొనిపోయి బసవేశ్వరునికి అమ్మెననియు, తగిన వెలకు మించిన ధనము రాగా చందయ్య దానిని సమ్మతింపలేదనియు పరంపరగా చెప్పుదురు. త్రాడు త్రాడుగానే అమ్ముడుపోవలెనని ఆయన పట్టు. బొమ్మ బొమ్మగా అమ్ముడుపోయినంతవఱకు దానిని గీయుట నిస్సంశయముగా కాయకమే.

చిక్కు మఱియొకచోట నున్నది. వర్తకుడొకడు తన యంగడిలో లేని గాజు దీపమును గీయించి, అది ఉన్నదాని ఛాయాచిత్రమని చెప్పి బేరము పెట్టుననుకొందము. గీసినవాడు ఆ సంగతి నెఱిగియు కూలి పుచ్చుకొన్నచో, అమ్మినవానిదే దోష మనుట చెల్లదు. అంతకంటె సూక్ష్మమైన హాని కూడ కలదు. కొలిమిలో ఊదిన గాజులో చిన్న గాలిబుడగ యుండవచ్చును. ఇసుకలోని ఇనుము వలన లేత పచ్చఛాయ రావచ్చును. తెరమీది గోళమునకు ఈ మచ్చ లేవియు లేవు. దానిని చూచి చూచి అలవాటుపడిన కొనుగోలుదారు, చేతికి వచ్చిన నిజమైన గాజును చూచి నాసిరకమని త్రిప్పి పంపును. ఆ నింద పడునది ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాదు వంటి ఊళ్ళలో కొలిమి వేడికి ఓర్చుకొని పనిచేయు కార్మికునిపైన. ఒకని కాయకము మఱియొకని కాయకమును చిన్నబుచ్చుచున్నదన్నమాట.

బుడగ నొకదానిని బొమ్మలో చేర్చుట చిత్రకారునికి కష్టము కాదు; చిన్న వృత్తము, దానిలో ఒక మెఱుపు, అంతే. కాని వర్తకుడు దానిని తీసివేయుమనును. తీయనని వాదించిన చిత్రకారునికి ఆనాటి కూలి దక్కకపోవచ్చును.