అడగడానికి మొహమాటమా?

ఇంట్లో కాన్సర్ అనే మాట వినపడ్డాక మనకు మరో ఆలోచన తోచదు. "వాడు బతికి బట్టకడితే అదే పదివేలు" అంటాం. తల్లి మనసు అంతే. కానీ ఆ మాట చాటున ఒక ప్రశ్న మరుగున పడిపోతోందని నాకనిపిస్తుంది.

పెళ్లికావలసిన ఆడపిల్లకు జబ్బు చేస్తే "రేపు దీని కడుపు పండుతుందా?" అని చుట్టాలందరూ ఆరా తీస్తారు. అదే ఇరవై రెండేళ్ల కుర్రాడికైతే ఒక్కరూ అడగరు. మగవాడికేం లోటన్న ధీమా కాబోలు!

కీమోథెరపీ మందులు కొన్ని వీర్యకణాల ఉత్పత్తిని దెబ్బతీస్తాయి. కొందరు కొన్నేళ్లకు కోలుకుంటారు; కొందరికి ఆ లోటు శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే చికిత్స మొదలుకాకముందే వీర్యాన్ని ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో భద్రం చేస్తారు. ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదండీ. ఇలా గడ్డకట్టించి దాచిన కణాలతో గర్భం నిలిచినట్టు అమెరికాలో 1953లోనే ప్రకటించారు. సైకిలు పందేల లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో కీమోథెరపీకి ముందు ఈ పనే చేశాడు. తర్వాత వాటితోనే ముగ్గురు బిడ్డలకు తండ్రయ్యాడు.

"ప్రాణం మీదికొస్తే పిల్లల గొడవేమిటి? అత్యాశ కాదూ?" అనొచ్చు మీరు. వాడు బతుకుతాడన్న నమ్మకంతోనే కదా వైద్యం చేయిస్తున్నాం! బతికేవాడికి రేపంటూ ఒకటుంటుంది. ఆ రేపటి గురించి ఆలోచించడం కూడా ఆ నమ్మకంలో భాగమే.

అయితే నిర్ణయం మాత్రం వాడిదే. 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు, కాన్సర్‌తో పోయిన ఒక అవివాహిత యువకుడు ముందుగా దాచుకున్న వీర్యాన్ని అతని తల్లిదండ్రులకు అప్పగించమంది. అతని సమ్మతి ఉన్నట్టు తేలితే, చనిపోయాక సంతానం కనడానికి మన చట్టంలో అడ్డు లేదంది. ఆ తల్లి కడుపుకోతను తప్పుపట్టేటంత దాన్ని కాను. కానీ కొడుకు దాచుకున్నది మన వంశం ఆస్తి అనుకోవడానికి నా మనసొప్పదు. "నేను లేకపోతే దీన్నేం చేయాలి" అన్నది కూడా వాడే చెప్పాలి, కాగితం మీద పెట్టాలి.

కన్నకొడుకుని ఇలాంటివి అడగటానికి సిగ్గేస్తుంది, నిజమే. తండ్రి చేతో, డాక్టరు చేతో అడిగించవచ్చు. మందు ఎక్కించకముందే అడిగించాలి. మొహమాటపడి అందరం నోరు మూసుకున్నామంటే, వాడి తరఫున మనమే "వద్దు" అని చెప్పేసినట్టు. ఆ హక్కు మనకెవరిచ్చారు?