ఆపగలిగినవాడు

పాత రకం డీజిల్ ఇంజన్ నడవడానికి తాళంచెవితో అసలు పనే లేదు. పెట్రోలు బండిలో ప్రతి మంటకీ ఒక నిప్పురవ్వ కావాలి, ఆ రవ్వకి కరెంటు కావాలి. స్విచ్ కట్టేస్తే రవ్వ పోతుంది, బండి ఆగుతుంది. డీజిల్‌కి ఆ లంకె లేదు. పిస్టన్ గాలిని ఇరవై రెట్ల దాకా నొక్కితే ఆ గాలి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి నాజిల్ చిమ్మిన నూనె దానంతటదే అంటుకుంటుంది. 1897లో జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్ దగ్గర్నుంచీ మూలసూత్రం ఇదే. పాతకాలం పంపు ఉన్న ఇంజన్ ఒకసారి అందుకుందంటే బ్యాటరీ వైరు పీకేసినా తిరుగుతూనే ఉంటుంది. తాళం దాన్ని బతికించడం లేదు, నిద్ర లేపిందంతే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల కరెంటు పని చేస్తాను. ఈ మధ్య నా చేతికొచ్చిన వాటిలో మనసుకి పట్టినది ఒక పాత మహీంద్రా జీపు. నూజివీడు పక్కన మామిడితోట ఉన్న ఒక మాస్టారిది. కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ప్యూజో వాళ్ల ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్, నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2112 సీసీ. ఛాసిస్ పొడిగించి, వెనకాల మామిడి ట్రేలు పట్టేలా బాడీ కట్టించుకున్నారు. కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకర పోయాయి. అరచేతులతో స్టీరింగ్ తిప్పుతారు, కాళ్లు గట్టిగానే ఉన్నాయి. రెండు వేళ్ల మధ్య తాళంచెవి పట్టుకుని మెలితిప్పడమే కుదరడం లేదు. "ఆ మెలి ఒక్కటీ తీసెయ్ నాయనా, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు.

తాళం లేకుండా, జేబులో రిమోట్ ఉంటే బటన్ నొక్కగానే ఒక కంట్రోల్ డబ్బా స్టార్ట్ చేసేలా చేద్దామని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి ఒక ప్రశ్న వేశారు.

"ఇన్నాళ్లూ తాళం తిప్పాను కాబట్టి బండి నేనే స్టార్ట్ చేశాననుకున్నా. ఇప్పుడు నా జేబులో ఉన్నదేదో నీ డబ్బాతో మాట్లాడుకుంటుంది, ఆ డబ్బా సెల్ఫ్ కొడుతుంది. ఇక కర్త ఎవరు?"

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెప్పారు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, అయిదోది దైవం. ఇంతమంది పొత్తులో జరిగే పనిని తానొక్కడే చేశాననుకునేవాడికి చూపు సరిగ్గా లేనట్టేనని కూడా ఆ వెంటనే ఉంది. మాస్టారు ఆ లెక్క జీపుకి వేశారు. బండి అధిష్ఠానం. సెల్ఫూ పంపూ నాజిళ్లూ కరణాలు. అవి తిరగడం చేష్ట. కాగిన గాలిలో నూనె అంటుకోవడం మనం పెట్టిన గుణం కాదు కాబట్టి అది దైవం. "మరి నా వేలి వాటా ఎంత?" అన్నారు. ఆయన సరదాకి అడగలేదు. చేతులు ఒక్కొక్క పనీ మానేస్తుంటే తనలో కర్త అనేవాడు ఎంత మిగిలాడో తేల్చుకోవాలని అడిగారు.

ఆ వాటా తేలాలంటే డబ్బా లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. బటన్ నొక్కగానే సీటు కింద పెట్టిన తీగచుట్ట 125 కిలోహెర్ట్జ్ మీద ఓ మీటరు దూరానికి మాత్రమే వినబడేలా ఒక పిలుపు పంపుతుంది. జేబులో రిమోట్ ఆ పిలుపుకి మేలుకుని 433 మెగాహెర్ట్జ్ మీద బదులిస్తుంది. ఆ బదులు ప్రతిసారీ మారిపోతుంది, నిన్నటిది దొంగిలించినవాడికి ఇవాళ పనికిరాదు. తర్వాత డబ్బా క్లచ్ పూర్తిగా తొక్కారా అని చూస్తుంది, గేరు న్యూట్రల్‌లో ఉందా అని చూస్తుంది. ఇంజన్ చల్లగా ఉంటే ముందు హీటర్ ప్లగ్గులకి కరెంటిచ్చి, అవి ఎర్రబడేదాకా కొన్ని సెకన్లు ఆగి, అప్పుడు సెల్ఫ్‌కి వదులుతుంది. డైనమో ఛార్జింగ్ మొదలెట్టిందంటే ఇంజన్ అందుకున్నట్టే, ఆ క్షణమే సెల్ఫ్ కట్. తిరిగే ఇంజన్ మీద మళ్లీ బటన్ నొక్కినా సెల్ఫ్ తగలకూడదు, తగిలితే ఫ్లైవీల్ రింగు పళ్లు రాలిపోతాయి.

ఇదంతా విని మాస్టారు "ఇది సంకల్పం కదయ్యా" అన్నారు. నిజమే. పూజకి కూర్చున్నవాడు ముందుగా ఏ చోట, ఏ కాలంలో, ఏ గోత్రంవాడు, ఏ పేరువాడు అని చెప్పుకుని, ఆ తర్వాతే ఫలానా పని చేస్తున్నానంటాడు. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో తేలకుండా చెయ్యి కదలదు. డబ్బా కూడా అవే అడుగుతోంది. ఈ పోలిక నాకు నచ్చింది. కానీ సంకల్పానికి ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని నాకు చూపించింది బ్యాటరీ.

డీజిల్ సెల్ఫ్ తిరగడం మొదలైన తొలి క్షణంలో వందల ఆంపియర్లు లాగేస్తుంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒక్క గుటకలో తొమ్మిదికో అంతకన్నా కిందికో పడిపోతుంది. అప్పుడు డబ్బాలోని చిన్న చిప్‌కి ఊపిరాడదు. అది చచ్చి మళ్లీ పుడుతుంది, పుట్టగానే తనెవరో, ఏం చేస్తోందో గుర్తుండదు. సెల్ఫ్ టక్కున వదిలేస్తుంది, వోల్టేజి లేస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. అందుకని చిప్‌కి కరెంటిచ్చే దారిలో ఒక డయోడూ, దాని వెనకాల లావుపాటి కెపాసిటరూ పెట్టాలి. బ్యాటరీ కుంగిన ఆ కాసేపూ కెపాసిటర్‌లో దాచిన కరెంటు వెనక్కి సెల్ఫ్ వైపు పారిపోకుండా డయోడ్ కాస్తుంది. రిలే కాయిల్ మీద ఇంకో డయోడ్ అడ్డంగా వేయాలి, లేకపోతే రిలే వదిలినప్పుడు ఎదురు తన్నే వోల్టేజికి ట్రాన్సిస్టర్ పోతుంది. సంకల్పం చెప్పుకోవడం ఒక ఎత్తు, బలమంతా వేరేచోట ఖర్చయిపోతున్న ఆ క్షణంలో దాన్ని మరిచిపోకుండా ఉండటం ఇంకో ఎత్తు. ఈ రెండో దాని గురించి నేను విన్న ఉపన్యాసాల్లో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

అయినా ఇదంతా స్టార్ట్ చేసే కథ. మాస్టారి ప్రశ్నకి జవాబు ఇందులో లేదని నాకు మెల్లగా అర్థమైంది. అసలు ప్రశ్న బండి ఆపడం దగ్గరుంది.

ఆ జీపులో పాత పద్ధతిలో డాష్‌బోర్డు కింద ఒక నాబ్ ఉంటుంది. లాగితే కేబుల్ పోయి పంపు మీది లివర్‌ని మూసేస్తుంది, నూనె ఆగుతుంది, ఇంజన్ ఆగుతుంది. బటన్‌తోనే ఆపాలంటే ఆ లివర్‌కి సోలనాయిడ్ కట్టాలి. దాన్ని రెండు రకాలుగా కట్టొచ్చు. కరెంటు ఉన్నంతసేపే నూనె పారేలా కడితే, వైరు తెగిన మరుక్షణం ఇంజన్ చచ్చిపోతుంది. కరెంటు ఇస్తేనే నూనె ఆగేలా కడితే, వైరు తెగినా ఇంజన్ నడుస్తుంది, కానీ ఇక బటన్ మాట వినదు. ఏది మేలు? రోడ్డు మధ్యలో ఇంజన్ చస్తే డైనమో వెనకాల ఉన్న వాక్యూమ్ పంపు ఆగుతుంది, రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు బండరాయిలా బిగుసుకుంటుంది. వెనక లోడుతో వస్తున్న పెద్దాయనకి అది మంచిది కాదు. అలాగని ఇంజన్ ఆగకపోవడమూ ప్రమాదమే. పుస్తకంలో దీనికి ఒకే జవాబు లేదు. బండిని బట్టి, రోడ్డుని బట్టి, మనిషిని బట్టి నిర్ణయించాల్సింది వైరింగ్ బల్ల ముందు కూర్చున్నవాడే. నేను రెండో పద్ధతి పెట్టి, పాత కేబుల్‌ని తీయకుండా ఉంచాను. సోలనాయిడ్ ఏమైనా, డబ్బా ఏమైనా, చేతికీ పంపుకీ మధ్య ఒక ఇనపతీగ ఉండి తీరాలి.

ఇది అతిజాగ్రత్త కాదు. 2009 ఆగస్టులో అమెరికాలో శాన్‌డియేగో దగ్గర ఒక కారులో యాక్సిలరేటర్ కింద మ్యాటుకి ఇరుక్కుపోయి, కారు ఆగక, అందులోని నలుగురూ చనిపోయారు. నడుపుతున్నది హైవే పోలీసు అధికారి, డ్రైవింగ్ రానివాడు కాదు. ఆ కారు అరువుకి ఇచ్చినది, తాళంచెవి లేదు, బటనే. కదులుతున్నప్పుడు ఇంజన్ ఆపాలంటే ఆ బటన్ మూడు సెకన్లు అదిమి పట్టుకోవాలి. ప్రాణం మీదికొచ్చినవాడు ఏ బటన్నయినా టకటకా కొడతాడు గానీ మూడు సెకన్లు లెక్కపెట్టుకుంటూ పట్టుకుంటాడా? చెయ్యి తగిలి పొరపాటున ఆగకూడదని ఆలోచించిన డిజైన్ అది. ఆ ఆలోచనలో తప్పు లేదు. కానీ ఆపాలని మనిషి నిజంగా కోరుకున్నప్పుడు ఆ కోరిక ఎలా కనబడుతుందో కూడా ఆలోచించాలి. అందుకే మాస్టారి జీపులో అదిమి పట్టినా ఆగుతుంది, వరసగా మూడుసార్లు కొట్టినా ఆగుతుంది.

డీజిల్‌లో ఇంకో భయం కూడా ఉంది. రింగులు అరిగిపోయి ఇంజనాయిలే గాలిదారిలోంచి సిలిండర్లలోకి చేరితే, ఇంజన్ తన ఆయిల్నే తాగుతూ ఆగకుండా రేజ్ అయిపోతుంది. పంపు మూసినా వినదు. గాలిదారిని మూయాలి, లేదా పెద్ద గేరులో బ్రేకు తొక్కి క్లచ్ వదిలి ఉక్కిరిబిక్కిరి చేయాలి. స్వభావం అంటే ఏమిటో ఆ మోత ఒక్కసారి విన్నవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే నాకు మాస్టారికి చెప్పాల్సిన మాట దొరికింది. మంట అంటించడంలో వేలి వాటా దాదాపు లేదు. గాలీ నూనే వాటి పని అవి చేసుకుంటాయి. కానీ ఆపడంలో మనిషి వాటా చాలా పెద్దది, ఎందుకంటే స్వభావం తనను తాను ఆపుకోదు. "మాస్టారూ, గీతలో అర్జునుడు చేసే మొట్టమొదటి పనుల్లో ఒకటి బండి ఆపమనడమే కదా. రెండు సేనల మధ్య రథం నిలపమంటాడు. తర్వాత చెప్పిందంతా ఆగిన బండిలో కూర్చుని చెప్పిందే" అన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "అయితే నిమిత్తమాత్రుడివి కమ్మన్న మాట ఏంచేస్తావు?" అని అడిగారు.

ఆ మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. మాట మీద కాదు, దాన్ని వాడే తీరు మీద. ఇంద్రకీలాద్రి కింద కొత్త బండ్లకి పూజలు చేయిస్తారు. తాళంచెవి అమ్మవారి దగ్గర పెట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఆ కొండ మీదేనని మావాళ్ల నమ్మకం. నాకూ ఉంది. ఇప్పుడు తాళంచెవి బదులు రిమోట్ పెడుతున్నారు, అందులోనూ తప్పు లేదు. కానీ బ్రేకులు చూపించుకోకుండా ఘాట్ ఎక్కి, ఏదైనా జరిగితే అంతా దైవాధీనం, మనం నిమిత్తమాత్రులం అనేవాళ్లున్నారు. కృష్ణుడు ఆ మాట అన్నది విల్లు దించేసి కూర్చున్నవాడితో. పైగా చివర్లో అంతా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమని వదిలేశాడు. దించేసే స్వేచ్ఛ ఉన్నవాడినే నిమిత్తం కమ్మనడానికి అర్థముంటుంది. ఆపలేనివాడు నిమిత్తం కాడు, సామాను.

మాస్టారు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆపాలన్న ఆలోచన కూడా ఆ అయిదింటిలోంచే పుడుతుందంటారు. ఆ ఆలోచన నాది అని నేనెలా అనగలనని అడుగుతారు. నా దగ్గర దానికి సమాధానం లేదు. ఒక్కటి మాత్రం అన్నాను: ఆలోచన ఎవరిదైనా కానివ్వండి, అది పంపు దాకా చేరే దారి మూసెయ్యకుండా ఉంచడం నా పని.

కొత్తగా వస్తున్న కామన్‌రైల్ బండ్లలో ఆ దారి నా చేతుల్లో లేదు. అక్కడ నాజిల్ ప్రతి చుక్కకీ కంప్యూటర్ ఆజ్ఞ కోసం చూస్తుంది. ఆపు బటన్ కూడా కంప్యూటర్‌కి పెట్టుకునే విన్నపమే. పట్టుకుని లాగడానికి ఇనపతీగ ఏదీ ఉండదు. ఆ బండ్లు కట్టేవాళ్లు ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, వైరు తెగితే ఏం జరగాలో నాలాగే నిర్ణయిస్తారు. నడిపేవాడికి వాళ్లెవరో తెలియదు. అయిదు కారణాల్లో వాళ్లని ఎక్కడ కూర్చోబెట్టాలో మాస్టారిని అడిగాను. కరణాల్లో కాదు, కర్తలోనే కొంత అన్నారు. ఇది మాత్రం నాకు బాగా నచ్చింది.

పాత స్టాప్ నాబ్ ఆయన వేళ్లకి అందదు కాబట్టి దాని బదులు మణికట్టు దూరిస్తే లాగగలిగేంత వెడల్పు కొక్కెం చేయించి బిగించాను. రిమోట్ జేబులోంచి జారి తోటలో పడిపోతే నడిచే ఇంజన్‌ని డబ్బా ఆపకూడదు, బజర్ మాత్రమే మోగాలి. అది కూడా రాసిపెట్టాను. వచ్చే కాయలకి ముందు ఆయన కూతురు కూడా ఆ బండి నడపడం నేర్చుకుంటుందట. ఆవిడకి ముందు కొక్కెం లాగడం నేర్పమన్నాను, ఆ తర్వాతే బటన్.