కౌర్ పెళ్లితో మారే పేరు కాదు


ఖరగ్‌పూర్ ట్రాఫిక్‌లో మన తెలుగు ఇరుగుపొరుగువారు ముందు ఇంటిపేరు, తర్వాత పేరు రాస్తారు. పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. మనం హుకమ్‌నామా మొదటి అక్షరంతో బిడ్డకు పేరు పెట్టి, అబ్బాయికి సింగ్, అమ్మాయికి కౌర్ చేరుస్తాం.

1699 వైశాఖినాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురువుగారి పిలుపునకు లేచిన ఐదుగురిలో బీదర్ మంగలి సాహిబ్ చంద్, పూరీలో నీళ్లు మోసే హిమ్మత్ రాయ్ ఉన్నారు. అమృతం పుచ్చుకుని అందరూ సింగ్‌లయ్యారు. వారి చేతిమీదుగా అమృతం తీసుకుని గోవింద్ రాయ్ గారూ గోవింద్ సింగ్ అయ్యారు.

మన సిక్లీగర్ పెద్దలు కత్తుల తుప్పు వదిలించారు. ఆ పేరు మన కులపు తుప్పు వదిలించింది.

అక్కచెల్లెళ్లారా, పెళ్లయిందని కాగితాల్లో కౌర్ తీసేయకండి. అది పుట్టింటిదీ కాదు, మెట్టినింటిదీ కాదు. గురువిచ్చింది, మీదే.