పుణ్యపు నిల్వ, ప్రమాణపు బలం: చారిత్రక వ్యూహక్రీడల్లో మతసంస్థ, దౌత్యం

చరిత్రను ఇతివృత్తంగా స్వీకరించిన వీడియో గేములలో మతానికి తొలినాళ్ళలో దక్కిన స్థానం స్వల్పం. 1997లో వెలువడిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్'లో పూజారి మంత్రం చదివితే శత్రుసైనికుడు మన పక్షానికి మారిపోతాడు. 1999 నాటి రెండవ భాగంలో పవిత్రావశేషాలను మఠంలో భద్రపరిస్తే ఖజానాకు బంగారం చేరుతుంటుంది. (నవ్వు పుట్టించే ఈ రెండవ కల్పనే చరిత్రకు కొంత దగ్గర. మధ్యయుగ ఐరోపాలో అవశేషాలున్న చోటికి యాత్రికులూ, వారి వెంట కానుకలూ వచ్చేవి.) 2005లో వచ్చిన 'సివిలైజేషన్' నాలుగవ భాగం ఏడు మతాలను చేర్చి, ఏడింటికీ ఒకే ఫలితాన్ని నిర్దేశించింది. ఎవరి మనసూ నొప్పించకుండా ఉండటానికి అది సులభమైన దారి. అయితే పేరు తప్ప భేదం లేని మతాన్ని మతమనడం కష్టం. మతాన్ని ఒక సంస్థగా, అంటే ఆజ్ఞాపించగల, శిక్షించగల, రాజులతో బేరమాడగల పక్షంగా చూపినవి 'మెడీవల్ 2: టోటల్ వార్' (2006), 'క్రూసేడర్ కింగ్స్ 2' (2012) వంటివి.

ఈ చేర్పు చరిత్రకు ఎంత విశ్వసనీయమన్న చర్చ కంటే అందులోని నైతిక ప్రశ్న నన్ను ఎక్కువగా ఆకర్షించింది. ఆటలోకి రావాలంటే దేనికైనా ఒక అంకె ఉండాలి. 'క్రూసేడర్ కింగ్స్'లో ధనం, కీర్తి, దైవభక్తి అనే మూడు నిల్వలుంటాయి. తీర్థయాత్ర చేస్తే భక్తి పెరుగుతుంది, అవసరమైనప్పుడు దాన్ని ఖర్చు పెట్టుకోవచ్చు. 'మెడీవల్ 2'లో పోప్ వారించినా తోటి క్రైస్తవ రాజ్యంపై యుద్ధం సాగిస్తే ఆయన ఆదరణ తగ్గుతూ వచ్చి, చివరికి వెలి పడుతుంది. ఆటగాడు 'ఇది చేయవచ్చునా?' అని ఆలోచించడు, 'ఇది ఎంతకు వస్తుంది?' అని లెక్క వేస్తాడు. నిషేధం ధరగా మారిన తర్వాత అది నిషేధమేనా?

దీన్ని కనోస్సా ఉదంతంతో పోల్చి చూడాలి. 1076లో ఏడవ గ్రెగరీ పోప్ జర్మన్ రాజు నాలుగవ హెన్రీని వెలివేసి, ప్రజలు అతనికి చేసిన విధేయతా ప్రమాణం ఇక చెల్లదని ప్రకటించాడు. వెలి బలమంతా ఈ రెండవ మాటలో ఉంది. ఆనాటి ఒప్పందాలకు హామీ దైవసాక్షిగా చేసిన ప్రమాణమే. ఆ ప్రమాణాన్ని విప్పగల అధికారం మతసంస్థ చేతిలో ఉంటే, దౌత్యానికి పునాదిరాయి కూడా దాని చేతిలోనే ఉన్నట్లు. అందుకే మతాన్నీ దౌత్యాన్నీ ఆటలో రెండు వేర్వేరు పలకలుగా అమర్చడం మొదటి పొరపాటు.

ఏడాదిలోగా వెలి నుండి బయటపడకపోతే హెన్రీని రాజుగా గుర్తించబోమని జర్మన్ ప్రభువులు హెచ్చరించారు. వారిని కలవడానికి పోప్ ఉత్తరదిశగా బయలుదేరాడు కూడా. 1077 జనవరిలో హెన్రీ మంచులో ఆల్ప్స్ దాటివచ్చి కనోస్సా కోటవాకిట మూడురోజులు పశ్చాత్తప్తుడి వేషంలో నిలిచాడు. రాజకీయంగా చూస్తే గ్రెగరీకి క్షమించడం నష్టం. వెలి కొనసాగితే ప్రత్యర్థి కూలిపోతాడు, క్షమిస్తే కోలుకొంటాడు. అయినా క్షమించాడు. పశ్చాత్తాపపడి వచ్చినవాణ్ణి తిప్పి పంపడం పూజారికి తగదు. చుట్టూ ఉన్నవారే తన కాఠిన్యాన్ని క్రూరత్వమని నిందించారని జర్మన్ ప్రభువులకు రాసిన లేఖలో ఆయనే చెప్పుకొన్నాడు.

హెన్రీ లెక్క వేసుకొనే వచ్చి ఉంటాడని ఆక్షేపించవచ్చు. నిజమే కావచ్చు. ఆట తయారీదారుల పక్షాన చెప్పగల బలమైన వాదం కూడా ఇదే: రాజులు మతాన్ని వాడుకొన్నారు, ఆట ఆ నిజాన్ని ముసుగు లేకుండా చూపుతున్నది. అయితే హెన్రీ లెక్క ఫలించింది ఎదుటివాడు ఆ క్షణాన లెక్క వేయలేకపోయినందుకే. తన వ్రతానికి తానే కట్టుబడి, చేతికందిన లాభాన్ని వదులుకోవలసి వచ్చే పాత్ర ఆటలో ఉండదు. అక్కడ పోప్ కూడా లాభం చూసుకొనే మరో రాజే.

2014లో 'రాజాస్ ఆఫ్ ఇండియా' అనే చేర్పుతో 'క్రూసేడర్ కింగ్స్ 2' పటం భారతదేశానికి విస్తరించింది కనుక, ఈ నమూనాను మన శాసనాల ఎదుట నిలపడం అసంగతం కాదు. 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో గణపతిదేవుడు, ఓడలు పగిలి ఒడ్డుకు చేరిన సరుకును స్వాధీనం చేసుకొనే పూర్వరాజుల పద్ధతిని మాన్పించాడు. ప్రాణాలకు తెగించి సముద్రంపై వచ్చే వర్తకులపై దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటామన్నాడు. ఆటలోని మూడు నిల్వలూ, ధనం, కీర్తి, పుణ్యం, ఒక్క చోటే కనిపిస్తున్నాయి. కానీ అక్కడ ఒకటి ఖర్చుపెట్టి మరొకటి కొనుక్కోవడం లేదు. మూడూ కలిసి ఒకే సంకల్పంగా ఉన్నాయి. దయలో ఎంత భాగం సుంకం కోసమో విడదీసి చెప్పమంటే గణపతిదేవుడే చెప్పలేకపోయేవాడేమో.

అలాగే పోప్ లేనిచోట మతసంస్థే లేదనుకోవడం మరో పొరపాటు. రుద్రమదేవి కాలం నాటి మల్కాపురం శాసనం (1261) విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామదానాన్ని చెబుతూ మఠం, విద్యార్థుల పోషణ, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాలలను ప్రస్తావిస్తుంది. గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన ఈ గురువుకు ప్రజల విధేయతను విప్పే అధికారం లేదు. ఆయన బలం వెలిలో లేదు, నిలబెట్టిన సంస్థల్లో ఉంది. దానశాసనాల చివర దానాన్ని అపహరించినవాడికి చెప్పే శాపఫలం కూడా గమనింపదగినది. అది జరిమానా పట్టికలా కనిపించినా, చెల్లించి బయటపడే వీలు అందులో లేదు.

అందువల్ల నా సూచన పరిమితమైనది. అంకెలు లేని ఆట సాధ్యం కాదు, కానీ అంకెను ఆటగాడి కంటికి కనబడకుండా ఉంచవచ్చు. మతాధిపతిని అతని నియమానికే బందీని చేయవచ్చు. ప్రమాణభంగాన్ని ఒక్క రాజుతో చెడిన మైత్రిగా గాక, ఆ మాట విన్న ప్రతివారి నమ్మకంలో పడిన పగులుగా చూపవచ్చు. సంస్థకు కూడా పలుకుబడి తరిగిపోతుందని చూపవచ్చు. 1080లో గ్రెగరీ హెన్రీని రెండవసారి వెలివేశాడు. శిక్ష అదే, పీఠం అదే, శిక్షించినవాడూ అతడే. ఈసారి హెన్రీ పోటీ పోప్‌ను నిలబెట్టి, 1084లో సైన్యంతో రోమ్‌లో ప్రవేశించాడు. మరుసటి ఏడు గ్రెగరీ సలెర్నోలో, ప్రవాసంలో మరణించాడు.