తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందమ్మా?

అమ్మాయ్,

మన తాడేపల్లి దగ్గర కుంచనపల్లిలో ఇల్లు కొంటానని నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నేను అవునూ కాదూ అనలేదని చిన్నబుచ్చుకున్నావట, మీ నాన్న చెప్పాడు. కాదనడానికి కాదమ్మా ఆగింది. ఫోన్లో చెప్పిన మాట ఆ పూటతో పోతుంది. రాసిస్తే నువ్వూ అల్లుడూ కూర్చుని మళ్లీ చదువుకోవచ్చు. దస్తావేజులు రాసి బతికినవాణ్ణి, నాకూ కాగితం మీదైతేనే మాట నిలుస్తుంది.

కొను. ముందు ఆ మాట చెప్పేస్తున్నా. పుట్టిన ఊళ్లో నీకంటూ ఒక గడప ఉండాలి. పిల్లలు సెలవులకొస్తే హోటల్ గదిలో కాదు, సొంత ఇంట్లో నిద్ర లేవాలి. ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంత పద్మనాభస్వామిని చూడాలి, సీతానగరం ఘాట్‌లో కాళ్లు తడుపుకోవాలి. వాళ్లకు తాడేపల్లి అంటే తాతగారి ఫొటోలోని ఊరుగా మిగిలిపోకూడదని నాకూ ఉంది.

మీ ఆఫీసులో బ్రిటిష్ ఆయన ఫ్రాన్స్ పల్లెటూళ్లో పాత రాతి ఇల్లు కొనుక్కున్నాడని, మనం సొంత ఊళ్లో ఎందుకు కొనుక్కోకూడదని అన్నావు. ఆయన కష్టమేమిటో కూడా అడిగి చూడు. బ్రెగ్జిట్ తరవాత, 2021 నుంచి, బ్రిటన్ వాళ్లు వీసా లేకుండా ఏ 180 రోజుల్లోనూ 90 రోజులకు మించి అక్కడ ఉండకూడదు. ఫ్రాన్సులో కాపురముండే ఇంటికి నివాస పన్ను 2023 కల్లా పూర్తిగా ఎత్తేశారు గానీ రెండో ఇంటికి అలాగే ఉంచారు. ఇల్లు ఆయనదే, అందులో ఉండే రోజుల్ని మాత్రం సర్కారు లెక్కపెడుతుంది. నీకా బాధ లేదు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు. కానీ తల్లీ, అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న నాటి నుంచి చట్టం లెక్కలో నువ్వు పరదేశివే. ఆ మాట రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు. అయినా దాన్ని తెలుసుకునే అడుగు వెయ్యాలి.

ఓసీఐ ఉన్నవాళ్లు ఇక్కడ ఇల్లు కొనొచ్చు, ఫ్లాటు కొనొచ్చు, దుకాణం కొనొచ్చు. పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఫిరంగిపురం దగ్గర మీ నాన్న వాటా మిరప చేను వారసత్వంగా వస్తే మాత్రం నిక్షేపంగా ఉంచుకో. ఆడపిల్లకి వాటా ఏంటని ఎవరన్నా నోరు జారితే, మన రాష్ట్రం 1986లోనే ఆ చట్టం చేసిందని, 2005లో దేశమంతటికీ వచ్చిందని చెప్పు. ఎప్పుడైనా ఆ చేను అమ్మాలనిపిస్తే ఇక్కడ ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి, అది గుర్తుంచుకో. ఇక, పక్క ఎకరం అమ్మకానికొచ్చింది, నీ పేరు మీద కొని ఉంచు పెదనాన్నా అన్నావు చూడు, ఆ ఒక్క పనీ చెయ్యను. దాన్ని బినామీ అంటారమ్మా. 2016లో ఆ చట్టాన్ని బిగించాక ఆస్తి జప్తు అవుతుంది, ఏడేళ్ల దాకా జైలు కూడా ఉంది. నా మీద నమ్మకంతోనే అడిగావు, తెలుసు. రేపు నేను పోయాక నా పిల్లలకీ నీకూ మధ్య ఆ ఎకరం ఎంత చిచ్చు పెడుతుందో, అలాంటి తగాదాలతో నా ముందు కూర్చున్న అన్నదమ్ముల్ని చూసినవాణ్ణి గనక చెబుతున్నా.

ధర పెరుగుతుందన్న లెక్క మీద మాత్రం కొనకు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన జరిగే నాటికి ఇటు గజం ధర ఎక్కడికో పోయింది. 2019 డిసెంబరులో ప్రభుత్వం మూడు రాజధానులు అనగానే అప్పు చేసి కొన్నవాళ్లు తలలు పట్టుకున్నారు. 2024 తరవాత మళ్లీ ఊపొచ్చింది, 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టి వెళ్లారు. భూములిచ్చి ఆ అయిదేళ్లూ శిబిరాల్లో కూర్చున్న రైతుల క్షోభ ముందు మన గజాల లెక్క ఏపాటిది! ఉండటానికి కొనుక్కున్నవాడికి ఈ ఎగుడుదిగుళ్లతో పనిలేదు. ఏడాదికి కనీసం ఒక నెల వచ్చి ఉంటాననుకుంటేనే కొను. అలా కుదరదనుకుంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని, వచ్చినప్పుడు మా ఇంట్లోనే దిగండి. మీ పెద్దమ్మకి అంతకన్నా సంతోషం లేదు.

అసలు సంగతికి వస్తా. నువ్వు విమానం ఎక్కాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

మూసిన ఇల్లు ఊరికే ఉండదమ్మా. బోరు మోటారు నెలల తరబడి వెయ్యకపోతే పట్టేస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు ఇంకిపోతాయి. మన మే నెల ఎండకి సింకు కింద వంపులో నిలిచే కాసిని నీళ్లూ ఎండిపోయి, ఆ గొట్టంలోంచి బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. బాల్కనీని పావురాలు పట్టేస్తాయి. వానలు మొదలయ్యాక గుమ్మం చట్రం కింద సన్నటి మట్టి గీత ఒకటి లేస్తుంది. వేలితో గీకితే రాలిపోతుంది, వారం తిరక్కుండా అదే చోట మళ్లీ కనిపిస్తుంది. అది చెద. చూసే మనిషి ఉంటే ఆ రోజే మందు కొట్టిస్తారు. లేకపోతే నువ్వు డిసెంబరులో తలుపు తెరిచేసరికి అలమరలో పట్టుచీరల దాకా వచ్చేసి ఉంటుంది.

అన్నయ్య ఉన్నాడుగా చూసుకుంటాడు అన్నావు. వాడు నా కొడుకు, వాణ్ణి నేను ఎరుగుదును. మొదటి ఏడు సంతోషంగా వెళ్తాడు. రెండో ఏడు మొహమాటానికి వెళ్తాడు. మూడో ఏడు నీ ఫోను మోగితే, తరవాత మాట్లాడదాంలే అని పక్కన పెడతాడు. తప్పు వాడిదీ కాదు, నీదీ కాదు. వాడికి ఉద్యోగం, పిల్లల చదువులు, మిరప కోతలప్పుడు కూలీల వెంట తిరగడం, ఇవన్నీ ఉన్నాయి. ఒక ఇంటి కోసం అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు తగ్గితే ఆ ఇల్లు ఎంతకి కొన్నా నష్టమే.

అందుకని పనిని పనిగా పెట్టు. ఆ దగ్గర్లోనే ఉండే నమ్మకమైన మనిషిని చూసుకుందాం, మీ వదిన వాకబు చేస్తుంది. వారానికోసారి తలుపులు తెరవాలి, కుళాయిలన్నీ ఒకసారి తిప్పాలి, సింకులో చెంబెడు నీళ్లు పొయ్యాలి, మోటారు వెయ్యాలి, గది గదికీ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి. జీతం ఇక్కడి బ్యాంకులో నీ ఎన్ఆర్ఓ ఖాతా నుంచి నెల మొదటి వారంలో, అడిగించుకోకుండా పడాలి. సంక్రాంతికి ఒక నెల జీతం అదనంగా ఇవ్వు. నువ్వు వచ్చినప్పుడు ఆ చూసుకునే మనిషిని పనిమనిషిలా కాకుండా, నీ ఇంటిని నిలబెట్టిన మనిషిలా కూర్చోబెట్టి కాఫీ ఇవ్వు. ఈ ఖర్చునూ, అసోసియేషన్ మెయింటెనెన్సునూ, ఇంటి పన్నునూ, కరెంటు బిల్లునూ కలిపి ముందే లెక్క వేసుకున్నాకే ధర గురించి మాట్లాడు.

ఇంకొకటి. పెళ్లికి పదిమందిమి దిగాలి, నీ ఇల్లు ఖాళీగానే ఉందిగా అని చుట్టాలు అడుగుతారు. ఇస్తావో ఇవ్వవో ముందే తేల్చుకుని ఆ మాట నువ్వే చెప్పు. ఆ పాపిష్టి పని తాళంచెవి ఉన్న మనిషి మీదకు తొయ్యకు. ఎవరినైనా ఉండనిస్తే, సొంతవాళ్లైనా సరే, పదకొండు నెలల కాగితం రాయించు. అద్దె నీ ఖాతాలో పడాలి. విదేశంలో ఉన్న యజమానికి అద్దె ఇచ్చేటప్పుడు అద్దెకున్నవాడే 30 శాతం పన్ను, ఆ పైన సెస్సు పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ఇది చాలామంది అద్దెదారులకు తెలియదు, చెప్పేవాళ్లూ ఉండరు. నువ్వే చెప్పాలి.

ఇదంతా ఆలోచించే అంటున్నా, విల్లా వద్దు. అపార్టుమెంటులో మధ్య అంతస్తు చూడు. వాచ్‌మన్ ఉంటాడు, పక్కింటివాళ్లుంటారు, నీళ్లు కారితే కింది ఫ్లాటువాళ్లే ఫోన్ చేస్తారు. తోట కావాలన్న నీ కోరిక నాకు తెలియక కాదు. గేటెడ్ కాలనీలో లాన్ చూసి మనసు పడ్డావు, దాన్ని పది నెలలు ఎవరు తడుపుతారు చెప్పు.

మీరంతా వచ్చేది క్రిస్మస్ సెలవులకి, లేదా సంక్రాంతికి. అప్పుడు మన ఊరిలో ఏ ఇల్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది. దాని అసలు రూపు వానల్లో చూడాలి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1957లో బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ రాలేదు. నది పక్కన పల్లపు కాలనీల్లో జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికొచ్చారు. కృష్ణ ఒక్కటే కాదు, కొండవీటి వాగు కూడా ఉంది. నది నిండుగా ఉంటే వాగు నీళ్లు అందులో కలవలేక వెనక్కి తన్ని చేల మీద పడతాయి. ఆ నీళ్లు ఎత్తిపొయ్యడానికే ఉండవల్లి దగ్గర 2018లో పంపులు పెట్టారు. కరకట్ట వెంట నది కనిపించే ఇల్లని ఎవరన్నా ఊరిస్తే ఆ మాట అక్కడితో ఆపెయ్.

కాగితాల విషయం నేను చూస్తాను గానీ కొన్ని నీ చేతుల్లో ఉన్నాయి. ధరలో కొంతే దస్తావేజులో చూపించి మిగతాది నోట్లుగా ఇమ్మంటారు. ఒప్పుకోకు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుందని నచ్చజెబుతారు, వినకు. డబ్బంతా బ్యాంకు ద్వారానే రావాలి. రేపు ఇల్లు అమ్ముకుని డబ్బు అమెరికా తీసుకెళ్లాలంటే, బ్యాంకు ద్వారా తెచ్చినట్టు రుజువున్న మేరకే సులువుగా వెళ్తుంది. పైగా నోట్లుగా ఇచ్చింది ఖర్చులోకి రాదు గనక, అమ్మినప్పుడు ఆ సొమ్ము కూడా లాభంగానే కనబడి పన్ను పడుతుంది. అమ్మేవాడు కూడా విదేశాల్లో ఉన్నవాడైతే పన్ను పట్టుకోవలసిన బాధ్యత నీదే, ఆడిటర్‌ని అడక్కుండా ఒక్క రూపాయి ఇవ్వకు. అక్కడ మీ ఆడిటర్‌కి కూడా ఎన్ఆర్ఓ ఖాతా సంగతి చెప్పు. బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10 వేల డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి తెలపాలి.

రిజిస్ట్రేషన్‌కి నువ్వే రా. రాలేకపోతే ఆ ఒక్క పనికే, ఆ ఒక్క ఇంటికే పరిమితం చేసి అధికార పత్రం రాసి పంపు. మన కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ వేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయిస్తాను. అన్ని అధికారాలూ రాసిచ్చే జీపీఏ ఎవరికీ ఇవ్వకు, నాకు కూడా. అలాగే జీపీఏ చూపించి అమ్మకానికొచ్చినవాడి దగ్గర కొనకు. అలాంటి అమ్మకాలతో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

ఇల్లు చేతికొచ్చిన ఏడాదే దానికి వేరే వీలునామా రాయి. పిల్లలకు ఓసీఐ కార్డులు తీయించకపోతే ఇప్పుడే తీయించు. అల్లుడితో కూర్చుని, ఇద్దరు పిల్లల్లో ఈ ఊరంటే ఇష్టం ఎవరికో మెల్లగా కనిపెట్టండి. ఇద్దరికీ లేకపోయినా బాధపడకండి. అప్పుడు అమ్మెయ్యమని ఆ వీలునామాలోనే రాయొచ్చు.

ఈ వారంలో, ఏ ఫ్లాటు చూస్తే దాని దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ప్లాను జిరాక్సులు నాకు పంపు. పాత అమ్మకాలు, తాకట్లు తెలిసేలా ముప్పై ఏళ్లకి ఈసీ తీయిస్తాను, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని ఆస్తుల నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తాను, కట్టడం ఇంకా పూర్తికాకపోతే రెరా నంబరు కనుక్కుంటాను. ఈసారి సంక్రాంతికి కాకుండా ఆగస్టు ఆఖర్లో టికెట్టు చేసుకో. వానలో ఆ వీధులన్నీ తిరిగి చూద్దాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు. మీ పెద్దమ్మ కొత్త గోంగూర పచ్చడి పట్టింది, ఎండుమిర్చి మన చేనుదే. నువ్వు వచ్చినప్పుడు రెండు సీసాలు సర్దుతానంటోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న