పుస్తకానికి ఒక వేళ

చిరంజీవి అమ్మాయికి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుంటుందని రాశావు. తీరిక లేదన్న మాట కంటే ఆ వాక్యమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పిల్లల బడి, అత్తమామల మందులు, గుంటల కాడి నుంచి వేళ కాని వేళ వచ్చే మనిషికి అన్నం, వీటన్నిటి మధ్య నీకు ఊపిరాడదని తెలుసు. రొయ్యల గుంటలున్న ఇంట్లో రాత్రి కూడా రాత్రిలా ఉండదు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, జనరేటర్ అందుకునేదాకా ఎవరికీ కునుకు పట్టదు. అలాంటి సంసారంలో పనంతా తెమిలాక చదువుకుందామని కూర్చుంటే ఆ ఘడియ ఏనాటికీ రాదు. అంట్లయితే రేపటి టిఫిన్‌కు పిండి, పిండయితే పాలు తోడేయడం, అదీ అయితే పిల్లాడి చొక్కాకు ఊడిన గుండీ. ఇంటిపనికి అంతు లేదు కనుక దాని తర్వాత అనే వేళ కూడా లేదు. అందుకే చెబుతున్నాను: పుస్తకానికి రోజులో ఒక వేళ పెట్టుకో. దొంగతనంగా వద్దు, ఇంట్లో అందరికీ చెప్పే పెట్టుకో. ఆ వేళకు పని మిగిలి ఉన్నా సరే, కూర్చో.

ఇది పెద్దమ్మ ముద్దుకొద్దీ చెప్పే మాట అనుకోకు, లెక్కలున్నాయి. 2024లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎవరు రోజును ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి సగటున రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, అందులో చెయ్యి వేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. తేడా మూడు గంటల పైమాటే. నీకు తీరిక లేకపోవడం నీ చేతకానితనం కాదని చెప్పడానికి ఈ అంకె చాలు. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది, నేను దాని మీదే ఎక్కువ ఆలోచించాను. టీవీ, ఫోను, ఆటలు, చదువుకోవడం లాంటి కాలక్షేపాలకు మగవాళ్లు 177 నిమిషాలు పెడితే, ఆడవాళ్లు 164 నిమిషాలు పెడుతున్నారు. అంటే ఆడవాళ్లకు కాలక్షేపం బొత్తిగా లేదనడానికి లేదు. మరి తీరిక లేదని ఎందుకు అనిపిస్తుంది? సర్వే చెప్పని సంగతి, నా ఊహ చెబుతాను. ఆ నిమిషాలు ఒకచోట ఉండవు. పొయ్యి మీద పులుసు ఉడికేలోపు నాలుగు, నీళ్ల మోటారు ఆపేలోపు ఆరు, పిల్లలు నిద్రపోయాక కళ్లు మూతలు పడుతుండగా ఇంకొన్ని. ముక్కలైన తీరికలో వీడియోలు చూడొచ్చు గానీ ఒక మనిషి కథలోకి దిగలేము. కాబట్టి నేను కొత్తగా గంటలు పుట్టించమనడం లేదు. ఉన్నవాటిలో ఓ అరగంటను ముక్కలు కాకుండా కాపాడుకోమంటున్నాను.

వేళ పెట్టి హద్దు గీయకపోతే విశ్రాంతి ఎవరికీ దొరకదనడానికి మన ఎదురుగా ఉన్న సముద్రమే సాక్ష్యం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లలయ్యే కాలమది. జువ్వలదిన్నెలో గానీ ఇసకపల్లెలో గానీ ఏ మత్స్యకారుడికీ ఆ రెండు నెలలు మిగులు రోజులు కావు. అప్పులుంటాయి, ఇంట్లో ఖర్చులుంటాయి. వీలు చూసుకుని ఆపండి అంటే ఒక్క బోటూ ఆగేది కాదు. తేదీ రాసిపెట్టారు కాబట్టి ఆగుతున్నాయి. సముద్రానికి తేదీ రాసిచ్చిన మనం ఇంటి ఇల్లాలికి ఓ అరగంట రాసివ్వలేమా?

ఇక మన జిల్లాలోనే జరిగిన సంగతి. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి పనులు చేసి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లలకు పెట్టి, ఆ తర్వాత పలక పట్టుకుని రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్ల ఉద్యమం అది. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా వల్ల చితికిపోయిన సంసారం కథ. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ లాంటి వాళ్లు, ఊళ్లో సారా అమ్మనివ్వకుండా అడ్డం తిరిగారు. వాళ్లు చేసిన పని మళ్లీ 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమై ఊరూరి బడికీ వెళ్లింది. దాన్ని చదివిన ఊళ్లు కదిలాయి, సారా వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దీన్ని సారా పోరాటంగా అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవలసిందే. నేను నీకు చూపించదలచుకున్నది దాని ముందు మెట్టు. ఆ ఆడవాళ్లకు నీకంటే తీరిక ఎక్కువుందా? రాత్రి పూట బడి అని ఒక వేళ పెట్టుకున్నారు, ఆ వేళకు ఇల్లు వదిలి వెళ్లారు, వెళ్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు.

నువ్వు ఇక్కడ అడ్డు తగులుతావు. వాళ్లు అక్షరాల కోసం వెళ్లారు, పోరాటం కోసం చదివారు, నేను అడుగుతున్నది ఊరికే సేదతీరడానికి చదివే చదువు, రెండూ ఒకటేనా అంటావు. బలమైన ప్రశ్నే. కానీ ఆలోచించు, సారా చెడ్డదని వాళ్లకు పాఠం చెబితే తెలిసిందా? దెబ్బలు తిన్నవాళ్లకు, కూలి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లకు ఆ ముక్క ముందే తెలుసు. కథ చేసిన పని వేరు. సీతమ్మ వాళ్ల ఊరి మనిషి కాదు, వాళ్ల చుట్టమూ కాదు. ఆమె బాధను కాసేపు బయట నిలబడి చూశారు. చూసి తిరిగొచ్చాక సొంత ఇల్లు కొత్తగా కనబడింది. నా దృష్టిలో పుస్తకంతో సేదతీరడం అంటే ఇదే. మన బతుకులోంచి కొంచెంసేపు లేచి వెళ్లి, వేరేవాళ్ల బతుకులో కూర్చుని రావడం. హాయి కోసం చదివినా, అక్కర కోసం చదివినా మనసుకు జరిగేది అదే. కాబట్టి నవలైతే తక్కువ, వాచకమైతే ఎక్కువ అనుకోకు. 1960లలో యద్దనపూడి సులోచనారాణి నవలలు చదివే ఆడవాళ్లను కూడా పనిలేని వాళ్లన్నారు. తెలుగు పత్రికలు ఆ సీరియళ్ల కోసం వారం వారం ఎదురుచూసిన ఇల్లాళ్ల మీదే పెరిగాయి.

ఫోన్‌లో అదే హాయి దొరకదా అని మీ ఆయన అనవచ్చు. ఫోన్‌ను తిట్టడం నాకిష్టం లేదు, అందులో పుస్తకాలూ చదవొచ్చు. చిక్కల్లా ఒక్కటే. నీ ఫోన్ నీ ఒక్కదానిది కాదు. బడి గ్రూపు అందులోనే, గ్యాస్ బుకింగ్ అందులోనే, మేత కొట్టు బాకీ అందులోనే, ఆడపడుచు పెళ్లి సంబంధం అందులోనే. చేతిలో అది ఉన్నంతసేపూ నువ్వు డ్యూటీలోనే ఉన్నట్టు. కాగితం పుస్తకానికి నిన్ను పిలిచేవాళ్లు ఎవరో తెలియదు. ఒక కథ అయిపోయిందని చెప్పి ఆపే మర్యాద కూడా దానికుంది.

పిల్లల నోటి దగ్గరి వేళను లాక్కోవడం స్వార్థం కాదా అన్న అనుమానమూ నీలో ఉంది, ఉత్తరంలో రాయలేదు గానీ కనబడుతోంది. పిల్లలకు తల్లి ప్రతి నిమిషమూ అక్కర్లేదు. తల్లి కూడా ఒక మనిషి, ఆమెకూ ఒక ఇష్టం ఉంది అని తెలియడం వాళ్లకు చాలా అవసరం. అమ్మ ఎప్పుడూ పని చేస్తూనే కనబడిన ఇంట్లో కొడుకు రేపు తన భార్య దగ్గర కూడా అదే వెతుకుతాడు. అయితే ఒక హెచ్చరిక. నీ అరగంటలో చేసే పనిని అత్తగారి నెత్తిన వేస్తే అది న్యాయం కాదు. పైన చెప్పిన మగవాళ్ల 88 నిమిషాలు పెరగాలి. మీ ఆయనను అడగాల్సింది అనుమతి కాదు, ఆ వేళకు అంట్లు ఎవరు తోముతారన్నది.

వేళ లేని ఆడవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్ల సంగతి దాటేసి పోలేను. రొయ్యల షెడ్లలో తెల్లారుజామున మొదలుపెట్టి నిలబడి తలలు తీసే అమ్మాయికి, ఇంటికొచ్చాక నడుం వాల్చడమే విశ్రాంతి. పుస్తకం చదవలేదని ఆమెను నిలదీసే హక్కు నాకూ నీకూ లేదు. ఆమెకు ముందు కావాల్సింది మంచి కూలి, కూర్చోడానికి ఒక స్టూలు, బస్సు సౌకర్యం. పని ఒత్తిడి ఉన్నవాళ్ల దగ్గరికి పుస్తకాలే నడిచి రావాలని మన పెద్దలకు తెలుసు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపించి ఊళ్లలో పంచారు. మన బకింగ్‌హాం కాలువ మీద ఆ పడవ రాకపోయినా, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం ఇప్పటికీ కడుతున్నాం. నువ్వు కడుతున్నావు, ఆ షెడ్డు అమ్మాయి అద్దెకుండే ఇంటి మీదా కడుతున్నారు. కట్టినదాన్ని వాడుకోవడం మన హక్కు. శాఖా గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం తీసుకో, ఒక పుస్తకం నీకు, ఒకటి పక్కింటామెకు తెచ్చుకో.

ఏం చదవాలని అడిగావు. పెద్ద నవలతో మొదలుపెట్టకు, మధ్యలో తెగితే మళ్లీ అందుకోవడం కష్టం. మన కావలి వీధుల్లోంచి, మన యాసలోనే వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' తీసుకో. కథలన్నీ చిన్నవే, అరగంటలో రెండు అయిపోతాయి. పేదరికం ఉంటుంది, నవ్వూ ఉంటుంది, అన్నం పెట్టే తల్లులుంటారు. నచ్చకపోతే మొహమాటపడకుండా మూసెయ్, ఇది పరీక్ష కాదు. ఈ ఆదివారం మీ ఆయనతో, అత్తగారితో కూర్చుని మాట్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాకనా, సాయంత్రం పిల్లలు ట్యూషన్‌కు వెళ్లిన వేళనా, ఏది కుదిరిందో రాయి. తర్వాతి పుస్తకాల పేర్లు ఆ జవాబు అందాక పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ